మూలం తెలియని రకం

గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లే బస్సులో ఆ ఉదయం చిన్న గొడవ జరిగింది. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన గొంతు దగ్గర అతికించుకున్న ఊపిరిబిళ్ల, నలుగురికీ వినపడేలా చెప్పింది: "పక్కన కూర్చున్నామె పూసుకున్న సెంటు మీకు పడదు. ముందుకు జరగండి."

"పడకపోతే దిగి నడవమను. నేనేమన్నా ఆయన ముక్కు కోసం పూసుకున్నానా?" అంది ఆమె.

"నేనేం అన్లేదు తల్లీ, అన్నది బిళ్ల," అంటూనే పెద్దాయన లేచి డ్రైవరు వెనక సీటుకు మారాడు.

అందరూ నవ్వారు. చివరి సీట్లో ఉన్న డాక్టర్ హన్విక నవ్వలేదు. ఆ బిళ్లను కనిపెట్టింది ఆమే.

రెండువేల ఎనభయ్యో సంవత్సరం దాటాక ఆ ఊళ్లో బిళ్ల లేని గొంతు అరుదైపోయింది. దాని అసలు పేరు శ్వాసమూల సూచిక. లోపలికి వెళ్లే గాలిలో ఏయే కణాలున్నాయో, అవి వెళ్లాక శ్వాసనాళాలు ఎంత బిగుసుకున్నాయో రెండూ చూసి, మనిషికి పడనిదేదో తేలుస్తుంది. అంతకుముందు ఉబ్బసమంటే అందరికీ ఒకటే జబ్బు, ఒకటే ఇన్‌హేలర్. నిజానికి అది ఒకటి కాదు. పుప్పొడో ధూళి పురుగులో పడక వచ్చేది ఒకటి. చలిగాలికీ జలుబుకీ లేచేది ఇంకొకటి. పరుగెత్తితే వచ్చేది వేరు, పనిచోట పీల్చిన పొడి వల్ల వచ్చేది వేరు. పిల్లికూత లేకుండా ఒట్టి దగ్గులాగే ఉండి మోసం చేసే రకం కూడా ఉంది.

హన్విక కూతురు నైనికది ఆ మోసం చేసే రకం. పిల్లికూత లేదు కాబట్టి ఉబ్బసం కాదన్నారు. దగ్గుమందు తాగించారు. ఒక చలికాలం ఆ దగ్గులోనే పిల్ల పోయింది. తెలియక జరిగిందని అందరూ ఓదార్చారు. ఆ ఓదార్పు హన్వికకు మింగుడు పడలేదు. ఇకమీద ఎవరూ తెలియక పోకూడదని ఏళ్ల తరబడి కూర్చుని బిళ్లను తయారుచేసింది.

ప్రయోగశాలలో ఫిర్దౌస్ ఎదురొచ్చింది. హన్విక దగ్గరే చదువుకుని, ఆమెతోనే పనిచేస్తున్న శాస్త్రవేత్త.

"మేడమ్, కొత్త రకం ఉబ్బసం ఖాయమంటున్నారు ఢిల్లీ వాళ్లు. మూలం తెలియని కేసులు నెలనెలా పెరుగుతున్నాయిగా. దానికి మీ పేరే పెడతారంట."

"జబ్బుకి నా పేరా? మా ఆయన ఎప్పుడో పెట్టాడులే."

ఫిర్దౌస్ నవ్వబోయి ఆగింది. "సార్‌కి ఎట్లా ఉంది?"

"నిన్న మళ్లీ ఆక్సిజన్ పెట్టాల్సొచ్చింది. ఇంకోసారి ఇలా వస్తే చెప్పలేమన్నారు."

హన్విక భర్త లోహిత్‌ది యార్డులో మిరపకాయల నాణ్యత చూసే ఉద్యోగం. అతనికి మిర్చి ఘాటే పడటం లేదని అందరూ అనుకున్నారు. హన్వికా అదే అనుకుంది. అతని బిళ్ల మాత్రం ఎప్పుడడిగినా మూలం తెలియదనేది.

"సెలవు పెట్టించండి మేడమ్. పనిచోటు రకమైతే ఇంటిపట్టున ఉంటే తగ్గాలిగా."

"పెట్టించాను. ఇంట్లో ఉన్న రోజే ఎక్కువవుతోంది."

ఇంట్లో ఉన్న రోజే ఎక్కువవుతోందంటే మూలం ఇంట్లోనే ఉంది. ఇంట్లో వస్తువును బిళ్ల పట్టుకోలేకపోవడం ఏమిటి?

బిళ్లలన్నిటి వెనకా ఉండి ఆలోచించే కేంద్రమేధ తెర ముందుకు హన్విక వెళ్లి కూర్చుంది.

"ఇంతమంది విషయంలో మూలం తెలియదని ఎందుకు రాశావు?"

"అలా రాయమన్నారు కాబట్టి."

"ఎవరు?"

"మొదట మీరు. ఎవరి ఊపిరి వారిదని, మూలం దాచమని ఎవరైనా కోరితే తెలియదనే నమోదు చెయ్యాలని నియమం పెట్టారు."

గుర్తొచ్చింది. చాటుగా చుట్ట కాల్చే సంగతి బయటపడుతుందని భయపడే ముసలివాళ్ల కోసం పెట్టిన నియమం అది. వాడుకునేవాళ్లు ఎవరూ ఉండరనుకుంది.

"అయితే ఈ కొత్త రకం..."

"అటువంటి జబ్బు లేదు. వాళ్లందరికీ మూలం చెప్పాను. విన్న తర్వాత దాచమన్నారు."

"ఏం దాచారు?" అంది ఫిర్దౌస్, గొంతు తగ్గించి.

"పేర్లు చెప్పలేను. కొందరికి పెంపుడు పిల్లి. కొందరికి దేవుడి దగ్గర వేసే సాంబ్రాణి. కొందరికి ఇంట్లో మనిషి."

హన్విక లోహిత్ పేరు ఎత్తలేదు. ఎత్తినా కేంద్రమేధ చెప్పదు. చెప్పకుండా కట్టింది తనే.

ఆమె ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమైంది. లోహిత్ నైనిక గదిలో ఉన్నాడు. పిల్ల పోయాక హన్విక ఆ గది గడప తొక్కలేదు. ఇప్పుడు గుమ్మంలోకి వస్తూనే పిల్లికూత వినిపించింది. చిన్న మంచం మీద కాళ్లు ముడుచుకుని, పిల్ల తలకింద ఉండే బూరుగుదూది దిండులో ముఖం పెట్టుకుని పడుకున్నాడు.

"అదేనా?" అంది.

అతను తల తిప్పలేదు. "ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. నీకెప్పటి నుంచి తెలుసు?"

"బిళ్ల పెట్టుకున్న కొత్తలోనే చెప్పింది. ధూళి పురుగులంట. దూది పాతదంట."

"నాతో ఒక్కమాట అంటే ఉతికేదాన్నిగా."

"అందుకే అన్లా."

"పోనీ గాలి చొరని సంచిలో పెట్టి దాచుకుందాం. పారెయ్యమనను."

"సంచిలో పెడితే ఇంకేముంటుంది హన్వీ? చూసుకోడానికి ఫొటోలున్నయ్. ఇది..."

దగ్గు మిగతా మాటను మింగేసింది. హన్విక అతన్ని లేపి కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ నోటికందించి, వీపు నిమిరింది. పెదాల నీలిరంగు తగ్గేదాకా పక్కనే నిలబడింది. ఆ తర్వాత దిండు తీసుకుంది.

వీధిలో చెత్తబండి గంట వినపడుతోంది.

"పారెయ్, కాదన్ను," అన్నాడు లోహిత్. గొంతులో కోపం లేదు. "ఒకళ్లం చెయ్యాల్సిందేగా. నావల్ల కాలా."

దిండును రెండు చేతులా పట్టుకుని ఆమె గేటు దాకా నడిచింది. ఎండకు దిండు గలేబు వేడెక్కింది. మడతల్లోంచి మందార నూనె వాసన వచ్చింది. పిల్లకు తల దువ్వుతూ తను రాసిన నూనె. ఇన్నేళ్లూ ఆ గదిలోకి వెళ్లకుండా నిగ్రహించుకున్నాననుకుంది. లోపల ఇది ఉందని తెలియక వెళ్లలేదంతే.

ముఖం వంచి గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది.

చెత్తబండి గేటు ముందు ఆగింది. "ఏమన్నా ఉందా అమ్మగారూ?"

"ఏం లేదు. వెళ్లు."

బండి మలుపు తిరిగాక, ఆమె గొంతు దగ్గర బిళ్ల మెల్లగా పలికింది. "హన్విక గారూ, మీ శ్వాసనాళాలు బిగుస్తున్నాయి. మీకిదే మొదటిసారి. మూలం..."

"తెలుసు."

"నమోదు చెయ్యమంటారా?"

పిల్ల గది కిటికీలోంచి లోహిత్ ఊపిరి సన్నగా, తెగుతూ అతుకుతూ వినిపిస్తోంది.

"తెలియదని రాసుకో," అంది హన్విక.

దిండు తీసుకుని పిల్ల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.