లెక్క సరిపోయిన రాత్రి

చేతిలో నాలుగు వేల రెండు వందల యువాన్లతో షావో కైమింగ్ శనివారాల్లో జనాన్ని కొండలెక్కించే వ్యాపారం మొదలుపెట్టినప్పుడు, బస్సు డ్రైవరు బయానా లెక్కపెట్టుకుంటూ ఒకే ఒక్క మాట అడిగాడట.

"గొర్రెలింటి కనుమ మీదుగా కాదు కదా?"

బీజింగుకు పడమట, రెండు కొండల నడుమ ఉంది ఆ కనుమ. దారికి కాస్త పక్కగా, పల్లంలో, కప్పు కూలిన రాతి ఇల్లు. ఎప్పుడో ఒక గొర్రెలకాపరిది. చీకటి పడ్డాక అక్కడ పైకి లెక్కపెట్టకూడదంటారు. పెడితే — ఆ ఇల్లు బదులు పలుకుతుందట.

కైమింగ్ పకపకా నవ్వాడు. "దెయ్యం కూడా టికెట్టుకు ఎనభై ఎనిమిది యువాన్లు కడితే, దానికీ ఓ సీటు ఇద్దాంలే మాస్టారూ!"

ఆ నవ్వు ఏడాది కూడా నిలవలేదు.

పోయిన అక్టోబరులో నలభై ఒక్కమందిని తీసుకెళ్లాడు. కనుమ చేరేసరికి చీకటి. అక్కడ ఆగి, ఒకరి తర్వాత ఒకరు తమ నంబరు గట్టిగా చెప్పాలి. కొండ ఎక్కే బృందాలన్నిటికీ అదే పద్ధతి. ఒకటి నుంచి నలభై ఒకటి దాకా అన్నీ వినిపించాయి. ప్రచారానికి పనికొస్తుందని కైమింగ్ ఫోనులో వీడియో తీశాడు. కిందికి దిగాక కొందరు సొంత కార్లలో వెళ్లిపోయారు. బస్సు దగ్గర మళ్లీ లెక్కపెట్టలేదు.

నలభై ఒకటో నంబరు, థాన్ యూలిన్ అనే కుర్రాడు, ఇల్లు చేరలేదు.

కనుమ మీద పలికాడు కాబట్టి, కనుమ దాటాకే తప్పిపోయి ఉంటాడన్నారు. దిగువన తొమ్మిది రోజులు వెతికారు. పదో రోజున, మూలికలు ఏరుకునే ముసలాయనకు కనబడ్డాడు — పైన, గొర్రెలింట్లో. కాలు విరిగి... గోడకు చేరగిలబడి... అప్పటికే ప్రాణం పోయి చాలా రోజులైంది.

విచారణలో కైమింగ్‌ను కాపాడింది ఆ వీడియోనే. "అందరం విన్నాం సార్. తర్వాత దేనికోసమో వెనక్కి వెళ్లుంటాడు," అని బృందంలోవాళ్లు చెప్పారు.

అందరూ నమ్మారు. కైమింగూ నమ్మాడు. యూలిన్ నాన్నకు మాత్రం మనసొప్పలేదు. నెలకోసారి ఫోను చేసేవాడు.

"మావాడు వెనక్కి ఎందుకెళ్లాడు, బాబూ?"

"తెలీదు బాబాయ్."

ఆయన ఫోను పెట్టేసేవాడు.

అప్పటినుంచి బస్సు దగ్గర కూడా లెక్కే. నలభై తొమ్మిది సీట్ల బస్సులో కైమింగ్ నలభై మించి అమ్మడు. "మిగతా తొమ్మిదీ దెయ్యానికా, లీడరూ?" అని డ్రైవరు దెప్పుతాడు. ఆ కనుమ వైపు మళ్లీ అడుగు వేయలేదు — వానలకు మామూలు దారి తెగిపోయిన ఈ శనివారం దాకా.

ముప్పై ఏడుగురు. దారి చుట్టుకుని వచ్చేసరికి మళ్లీ చీకటే. కనుమ మీద గాలి. తలకు కట్టుకున్న లైట్లు తప్ప మొహాలు కనబడటం లేదు.

"ఇరవై రెండు!"

"ఇరవై మూడు!"

తర్వాత... ఏమీ లేదు.

"నిద్రపోయావా ఇరవై నాలుగూ?" ఎవరో వేళాకోళం ఆడారు.

అప్పుడు, సన్నగా, ఒక ఆడగొంతు — "ఇరవై నాలుగు..."

"ఇరవై ఐదు!" "ఇరవై ఆరు!"

ముప్పై ఏడుతో లెక్క ముగిసింది. అందరి వెనకా నడిచే రువాన్ పెంగ్ చెయ్యెత్తాడు. సరిపోయింది.

బస్సు దగ్గర లెక్కపెడితే — ముప్పై ఆరు.

ఇరవై నాలుగు షింగ్ టీచరమ్మది. రిటైరైన మనిషి, ఒంటరిగా వచ్చింది. సీటు మీద ఆవిడ శాలువా మడత విప్పకుండా అలాగే ఉంది.

"పలికింది కదా!" అన్నాడు ఇరవై ఐదో నంబరు మనిషి. అని, ఆగిపోయాడు. "కానీ... నా పక్కనుంచి కాదు."

"గొర్రెలిల్లు..." వెనక సీట్లోంచి గుసగుస.

"ఆఖరి మెట్రో పోతుంది లీడరూ! పోలీసులకు చెప్పి కదులు," మరో గొంతు విసుక్కుంది.

గాలింపు బృందానికి ఫోను చేశాడు. వాళ్లడిగిన మొదటి ప్రశ్న: "కనుమ మీద లెక్క సరిపోయిందా?"

"సరిపోయింది."

"అయితే దిగువనుంచి మొదలుపెడతాం."

 ఈ మాటలు కైమింగ్ ఇంతకుముందు ఒకసారి విన్నాడు... అచ్చం ఇవే.

"వద్దు," అన్నాడు. "పైకి రండి."

బస్సును పంపేసి, రువాన్‌ను వెంటబెట్టుకుని మళ్లీ ఎక్కాడు. గంటన్నర. కనుమ మీద నిలబడితే గాలి తప్ప ఏ చప్పుడూ లేదు. పేరు పెట్టి పిలుద్దామనుకున్నాడు. కానీ నోట్లోంచి వచ్చింది వేరు.

"ఇరవై మూడు!"

గాలి ఆగినట్టయింది.

పల్లంలోంచి, రాళ్ల మధ్యనుంచి — "ఇరవై నాలుగు!"

రువాన్ అతని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఒద్దన్నా... పోదాం పద."

కైమింగ్ విదిలించుకుని పల్లంలోకి పరిగెత్తాడు. గొర్రెలింటి గడప లోపల, వాచిన చీలమండ పట్టుకుని, ఫ్లాస్కు ఒళ్లో పెట్టుకుని షింగ్ టీచరమ్మ కూర్చుని ఉంది. బతికే ఉంది.

"ఇప్పుడా రావడం? చాటుకని ఇటు వచ్చి జారిపడ్డాను. ఫోనుకు సిగ్నలు లేదు. గొంతు చించుకుని అరిచాను కదయ్యా!"

"విన్నాం టీచర్. ఇరవై నాలుగు అన్నారు..."

"మరేమంటాను? ఇరవై మూడు దగ్గర అందరూ ఆగారు. నా నంబరు చెబితే, ఎక్కడినుంచి పలికిందో చూస్తారనుకున్నాను." ఆవిడ ఫ్లాస్కు పక్కన పెట్టింది. "పడ్డానని చెప్పేలోపే ఇరవై ఐదు అన్నారు. లెక్క కుదిరింది. ఇంక నేనెవరికి కావాలి?"

కైమింగ్ గడప బయటికి వచ్చి, రువాన్‌ను కిందికి పిలిచాడు.

రువాన్ ఆవిణ్ని వీపున వేసుకున్నాడు. ముగ్గురూ కనుమ మీదికి చేరాక, కైమింగ్ ఫోను తీసి ఆ పాత వీడియో పెట్టాడు. ముప్పై తొమ్మిది. నలభై. చిన్న ఎడం... దూరంగా, "నలభై ఒకటి!" వెంటనే తన గొంతే, హుషారుగా — "సరిపోయింది!" ఆపైన చప్పట్లు.

చప్పట్ల అడుగున ఇంకేదో ఉంది. ఏడాదిగా దాన్ని గాలి అనుకున్నాడు.

ఫోను చెవికి ఆనించి మళ్లీ విన్నాడు. గాలి కాదు, పల్లంలోంచి అదే గొంతు ఇంకా అరుస్తోంది.

"లీడరూ, నడు," అన్నాడు రువాన్.

"మీరు దిగుతూ ఉండండి."

కనుమ మీద సిగ్నలు ఒక్క గీత ఉంది. కింద, దూరంగా, గాలింపువాళ్ల లైట్లు పైకి వస్తున్నాయి. కైమింగ్ ఫోనులో పేర్ల వరుస జరుపుతూ థాన్ బాబాయ్ దాకా వచ్చి ఆగాడు. ఈ వేళకు ఆయన నిద్రపోడు.

యూలిన్ వెనక్కి వెళ్లలేదు. ఆ ఒక్క వాక్యం నోట్లో సిద్ధం చేసుకుని, ఆ పేరు మీద వేలు ఆనించబోయాడు.