కట్ట మీద రెండో పార

ఏటి కట్ట మీద, పాడుబడ్డ పంపుషెడ్డు దగ్గరికి చీకటి పడ్డాక కాకి కూడా పోదు. పోయిన కాకులు తెల్లబడి తిరిగొచ్చాయని ఒట్టేసి చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మూడు వరదల కిందట కట్ట కాపలావాడు గండి పూడుస్తూ పూడుస్తూ, పారతో సహా నీళ్ళలో కలిసిపోయింది అక్కడే. అప్పటినుంచి... ఎవరైనా ఆ కట్టను తవ్వబోతే, ఇంకో పార బదులు పలుకుతుందట.

ఇదంతా తెలిసే, ఒక రాత్రి అక్కడికి బయల్దేరాడు మోటారు మేస్త్రి.

నిరుటి వరద అతని రెండెకరాల మీద నడుం లోతు ఇసుక మేట వేసింది. పక్కనే, ఒక్క గట్టు దాటితే తమ్ముడి పొలం. అక్కడ మాత్రం వెన్నలాంటి ఒండ్రు పరిచింది. ఆ ఒండ్రులో చెప్పు పడేసినా చిగురేస్తుందన్నారు ఊళ్ళో. ఈ ఏడు తమ్ముడి పైరు ఏనుగు దూరినా కనబడనంత ఎత్తు లేచింది. మేస్త్రికి ముద్ద దిగడం మానేసింది.

"ఏటికి కళ్ళుంటాయా? దాని మీద కూడా కుళ్ళుకుంటే ఎట్లాగయ్యా" అంది భార్య. అతను కంచం పక్కకు తోసి లేచాడు.

దానికి తోడు వారం నుంచి తన ఇసుక మేటలో రోజూ పొద్దునకల్లా కొత్త గుంటలు. అడుగుల జాడ చూస్తే తమ్ముడిది. అంత సిరి చాలక నా ఇసుక మీద కూడా కన్నేశాడా— అనుకునేసరికి కడుపులో ఇటుకల బట్టీ అంటుకుంది.

ఇప్పుడు ఏరు మళ్ళీ పొంగింది. నీళ్ళు కట్ట అంచుకు మూరెడు కిందే ఉన్నాయి. ఊరు మెరక మీద ఉంది, దానికేం కాదు. షెడ్డు పక్కన నాలుగు పారలు వేస్తే చాలు, మిగతా పని ఏరే చూసుకుంటుంది. కోతకు పది రోజులున్న పైరు తెల్లారేసరికి బురద. తన పొలమూ మునుగుతుంది... మునగనీ. ఇసుకకి పోయేదేముంది?

పార కూడా తమ్ముడిదే. తనది విరిగితే మొన్న అడిగి తెచ్చాడు. వాడి పార పదునే వేరు— అది కూడా గుచ్చుకుంది.

మొదటి దెబ్బ వేశాడు. దబ్...

షెడ్డు వెనక నుంచి— దబ్.

మేస్త్రి ఊపిరి బిగబట్టాడు. హోరుమంటున్న ఏరు తప్ప చప్పుడు లేదు. భ్రమలే అనుకుని, రెండు దెబ్బలు వెంటవెంటనే వేశాడు.

షెడ్డు వెనక నుంచీ రెండు— దబ్. దబ్.

మేస్త్రి పారను గుండెలకు అదుముకుని రెండడుగులు వెనక్కి వేశాడు. అంతలో కట్ట దిగువ నుంచి మిణుకుమిణుకుమంటూ ఒక వెలుగు... దాని వెనక తల లేని ఆకారం. తలకాయ ఉండాల్సిన చోట పెద్ద మూపురం. బుసకొడుతూ కట్ట ఎక్కి, అతని ఎదురుగా ఆగి— మూపురాన్ని దబ్బున కింద పడేసింది.

ఇసుక బస్తా.

"అన్నా... నువ్వూ వచ్చావా?" అన్నాడు తమ్ముడు, లాంతరు ఎత్తి.

రొప్పుతూనే మెల్లగా చెప్పాడు. ఇక్కడ కట్ట మెత్తబడిందట. తెగితే ఇద్దరి పొలాలూ పోతాయట. వారం రోజులుగా వదినకు కూడా చెప్పకుండా అన్న మేటలోంచే తట్టతో ఇసుక తోడి మోస్తున్నాడట. "కట్టకు బలం, నీ నేలకు ఊపిరి. నాలుగు సెంట్లు తేలింది చూశావా? వచ్చే ఏడు నువ్వూ విత్తొచ్చు."

లాంతరు వెలుగు కొత్తగా తవ్విన గాటు మీద పడింది. తమ్ముడు దాన్ని చూశాడు. అన్న చేతిలోని పారనూ చూశాడు. బస్తా ఈడ్చి ఆ గాట్లో కూరాడు.

మేస్త్రి ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియక, మాట మార్చబోయాడు. "హడలగొట్టావు కదరా... ఆ షెడ్డు వెనక పారతో ఏం చేస్తున్నావు?"

"షెడ్డు వెనకా? నేనొచ్చింది పొలంలోంచి కదన్నా." తమ్ముడు గొంతు తగ్గించాడు. "అయినా నా పార నీ దగ్గరే ఉందిగా."

ఇద్దరూ కదల్లేదు. షెడ్డు వెనక ఎవరో తడిమట్టి ఎత్తి, కట్ట మీద వేసి, తాపీగా చదును చేస్తున్నారు.

దబ్... దబ్...