బరువు అడిగే దెయ్యం

పాత కాలవ మీది వంతెన పేరెత్తితే లారీవాళ్ళు గొంతు తగ్గించేస్తారు. పగలు చూస్తే అక్కడేమీ ఉండదు. పెచ్చులూడిన పిట్టగోడలు, ఎక్కే చోట తుప్పుపట్టిన బోర్డు, దాని మీద ‘మూడు టన్నులకు మించరాదు’ అని సగం చెరిగిన అక్షరాలు. చీకటి పడ్డాక మాత్రం అక్కడ ఒకటుందని చెప్పుకుంటారు.

అది జుట్టు విరబోసుకోదు. రక్తం అడగదు. వంతెన మధ్యలో దీపం పట్టుకుని నిలబడి, గుసగుసగా ఒకే ఒక్క మాట అడుగుతుందట—

“బరువెంత?”

నిజం చెప్పినవాణ్ణి వెనక్కి పంపేస్తుందట. అబద్ధం చెప్తే బండెక్కి కూర్చుంటుందట. అది కూర్చున్నాక బండి ముందుకి కదలదు… కింద నుంచి మూలుగు వినపడుతుంది… ఇటుకల లారీ నడిపే ఒకాయన ఆ మూలుగు విని ఊళ్ళో దాకా రివర్సులోనే వచ్చాడనీ, ఆ తర్వాత వారం పాటు మెడ ముందుకి తిరగలేదనీ చెప్తారు. మెడ సంగతి నిజమే. చూసినవాళ్ళున్నారు.

అలాంటి వంతెన మీదికి ఒక రాత్రి ఒక వ్యానూ, దాని వెనక ట్రైలరూ, ట్రైలరు మీద ఒక కారూ బయల్దేరాయి.

వ్యాను బావది. దారిలో ఆగిపోయిన బండ్లు లాక్కొచ్చి బాగుచేసే షెడ్డు ఉంది అతనికి. స్టీరింగు ముందున్నది అతని మరదలు, భార్యకి చెల్లెలు. ఇంట్లో అందరూ చిన్నది అంటారు. కారు ఆమె నాన్నది. చిక్కంతా అక్కడే.

ఆ కారంటే నాన్నకి ప్రాణం. ముసలి కారు. పొద్దున్నే ఇంటిల్లిపాదీ వెనక చేరి తోస్తేగానీ స్టార్టవదు. అయినా సరే, దానికి ఎవరైనా వంక పెడితే ఆ పూట ఆయన భోజనం ముట్టడు. ట్రైలరు లాగే లైసెన్సు తీసుకుని బావ షెడ్డులో డ్రైవరుగా చేరతానని చిన్నది అడిగినప్పుడు, ఆయన ఒకే షరతు పెట్టాడు.

“పరీక్ష పాసయ్యేదాకా నా కారు ముట్టుకోకు. దాని మీద గీత పడిందో, ఈ జన్మలో నీ చేత స్టీరింగు పట్టనివ్వను.”

పరీక్ష దగ్గరకొచ్చింది. చెయ్యి ఆగలేదు. సాయంత్రం నాన్న అటు వెళ్ళగానే ఇటు కారు తీసింది. ఊరవతల ఖాళీ స్థలంలో రెండుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి చూసుకుందామని. అక్కడొక గేటు స్తంభం దాని మానాన అది నిలబడి ఉంది. కారే వెళ్ళి దాన్ని కావలించుకుంది. మూతి లోపలికి పోయింది. ముందు చక్రం ఒకటి వంకర తిరిగి, ఎటు పొమ్మన్నా పోనని మొరాయించింది.

నాన్న రోడ్ల శాఖలో మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడేదో గోదాముకి రాత్రి కాపలాకి వెళ్తున్నాడు, తెల్లారి గానీ ఇంటికి రాడు. ఆయనొచ్చేలోపు కారు షెడ్డు చేరాలి, సొట్ట లేవాలి, రంగు పడాలి, ఏమీ ఎరగనట్టు ఇంటి ముందు నిలబడాలి. లేకపోతే చిన్నదాని డ్రైవరు ఉద్యోగం అంతే సంగతులు.

“హైవే మీద పోదాం బావా,” అంది ముందు.

“అక్కడ తూకం పోస్టుంది. ఈ వ్యాను ఎంత లాగచ్చో ఒక లెక్కుంది, మన వెనకున్నది ఆ లెక్క దాటిపోయింది. పట్టుకుంటే బండి అక్కడే ఆపించేస్తారు. పొద్దున మీ నాన్నొచ్చి విడిపించుకోవాలి. సరేనా?”

“మరి వంతెనకీ మూడు టన్నులేగా. మనం అన్నీ కలిపి మూడున్నర పైనే ఉంటాం.”

“అరటన్నేగా ఎక్కువ. నేను ఊపిరి బిగబట్టుకుంటాలే.”

బావకి రాత్రిపూట చూపు ఆనదు. అందుకే స్టీరింగు ఆమెకిచ్చి, తను పక్కన కూర్చుని ధైర్యం చెప్తున్నాడు. కాలవ గట్టు ఎక్కేదాకా చెప్పాడు.

గట్టు ఎక్కగానే… వెనక నుంచి మొదలైంది.

ట్రైలరు ఎడమకి ఊగింది. ఆ తర్వాత కుడికి. మళ్ళీ ఎడమకి… ఈసారి ఇంకాస్త ఎక్కువగా. ఎవరో దాని తోక పట్టుకుని ఆడిస్తున్నట్టు.

“ఎక్కింది,” అన్నాడు బావ, పెదవులు కదపకుండా.

“ఏమెక్కింది?”

“అదే.”

చిన్నది బ్రేకు తొక్కలేదు. కాలు మాత్రం మెల్లగా పైకి తీసింది. వేగం తగ్గేకొద్దీ ఊపూ తగ్గింది. అప్పుడు తట్టిందామెకి. చక్రం తిరగట్లేదని కారుని వెనక వైపు నుంచి లాగి ఎక్కించారు. కారు మూతి పోయి ట్రైలరు చివర పడింది. ఇంజను బరువంతా తోక మీదుంది.

“దెయ్యం కాదు బావా. నువ్వు కారు తిరగేసి ఎక్కించావు. బరువంతా వెనక పెడితే ఊగక ఏం చేస్తుంది?”

“ఆ ముక్క దానికి చెప్పు,” అన్నాడు బావ, ముందుకి చూపిస్తూ.

వంతెన మధ్యలో… దీపం.

పైకీ కిందకీ ఊగుతోంది. దీపం వెనక ఒక ఆకారం. తల నుంచి పాదాల దాకా తెల్లగా… మొహం లేదు.

చిన్నది బండి ఆపింది. ఇంజను కూడా ఆపింది. ఎందుకాపిందో ఆమెకే తెలీదు. ఆ నిశ్శబ్దంలో కాలవ నీళ్ళ చప్పుడు, దాని మీద నుంచి తేలుతూ ఒక మాట…

“బరువెంత?”

గొంతు కాదది. ఒట్టి ఊపిరి.

బావ కిటికీలోంచి ముక్కు మాత్రం బయట పెట్టాడు. భయానికి అతని గొంతు బడిపిల్లాడి గొంతయిపోయింది. “ఖాళీ బండి సార్.”

“వెనక… ఏంటది?”

“అది మాతో రాలేదు సార్. దానంతట అదే వస్తోంది.”

దీపం ఊగడం ఆగింది. ఇలాంటి జవాబు దెయ్యానికి కూడా కొత్తేమో.

“విప్పండి… ఒక్కొక్కటి… మెల్లగా…”

దీపం ఆరిపోయింది.

“వెనక్కి పోదాం,” అన్నాడు బావ.

“ట్రైలరు పెట్టుకుని ఈ ఇరుకు గట్టు మీద రివర్సు చెయ్యడం నీకొచ్చా?”

“ఈ చీకట్లోనా? నా వల్ల కాదు. నీకు?”

“వచ్చుంటే ఆ స్తంభం గొడవ ఎందుకొచ్చేది?”

దిగారు. ట్రైలరు బ్రేకు వేసి, వ్యానుకీ ట్రైలరుకీ మధ్య కొక్కెం తప్పించింది చిన్నది. తప్పించిందో లేదో… ట్రైలరు ముక్కు ఎవరూ ముట్టుకోకుండానే మెల్లగా, దానంతట అదే, గాల్లోకి లేచింది.

బావ అరవలేదు. అరవడానికి గాలి కావాలి. ఉన్న గాలంతా అప్పటికే బయటికి పోయింది.

“తోక బరువు బావా, తోక బరువు. పట్టుకో, ఒరిగిపోతుంది. దాని మీద కూర్చో.”

బావ ఎగిరి కూర్చున్నాడు. ముక్కు దిగింది. ఇన్నేళ్ళుగా అక్క చేత మాటలు పడుతున్న ఆ బొజ్జ మొదటిసారి ఒక పనికొచ్చింది.

“నేను వ్యాను అటు దాటించి వస్తా. లేవకు.”

“నన్నొక్కణ్ణీ వదిలేసా?”

“పోనీ నువ్వు తోలుకెళ్ళు, నేనిక్కడుంటా.”

బావ వంతెన వైపు చూశాడు. “నేను లేస్తే ట్రైలరు లేస్తుంది,” అన్నాడు గంభీరంగా.

ఆమె ఒక్కతే వెళ్ళింది. నడిమధ్యకి రాగానే చక్రాల కింద నుంచి… మ్మ్మ్… అంటూ సన్నగా, సాగదీస్తూ ఒక మూలుగు. ఇటూ అటూ చూడకుండా దాటేసింది. అవతల వ్యాను పెట్టి, మళ్ళీ నడుచుకుంటూ వెనక్కి. తన అడుగుల చప్పుడే ఎవరో వెంటవస్తున్నట్టుంది. పిట్టగోడ నీడలో ఏదో తెల్లగా మెదిలినట్టనిపించి కళ్ళు కిందకి దించుకుంది.

ఇవతల బావ అక్కని తల్చుకుంటున్నాడు. ఇంటికి చేరితే జన్మలో ఎదురు చెప్పనని ఒట్లు పెట్టుకుంటున్నాడు.

ఇక తోయడం. బావ ముందు నడుస్తూ ముక్కు మీద బొజ్జ ఆనించి దారి చూపాలి, ఆమె వెనక నుంచి తొయ్యాలి. కదిలింది. మెల్లగా వంతెన ఎక్కింది. కానీ ఆ వంతెనకి మధ్యలో వీపు కాస్త ఎత్తు. అక్కడికొచ్చేసరికి ఆమె బలం చాల్లేదు. బండి ఆగింది… ఒక క్షణం అలాగే నిలబడి… వెనక్కి జారడం మొదలెట్టింది.

“బావా, బ్రేకు.”

“ఏదీ? ఎక్కడా? కనపడట్లేదే.”

మడమలు జారుతున్నాయి. అంత బరువూ ఆమె మీదికి వస్తోంది.

ఉన్నట్టుండి తేలికైపోయింది.

ఆమె పక్కనే, తెల్లటి గుడ్డలోంచి రెండు చేతులొచ్చి బండికి ఆనుకున్నాయి. ఆమెకి తల తిప్పే ధైర్యం లేదు. చెవి దగ్గర వగరుస్తున్న ఊపిరి…

“నడుముతో కాదే… మోకాళ్ళు వంచు. మోకాళ్ళతో తొయ్యి.”

చిన్నదాని ఒళ్ళు జల్లుమంది. దెయ్యానికి కాదు. ఆ మాటకి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ప్రతి పొద్దునా, కారు వెనక నిలబడి వింటున్న మాట అది.

అదే క్షణంలో పక్కనున్న చెయ్యి జరుగుతూ జరుగుతూ కారు మూతి మీదికి పోయింది. అలవాటైన చెయ్యిలా బంపరు తడిమింది. తడిమి… లోపలికి దిగిపోయింది.

మళ్ళీ తడిమింది.

“ఈ కారెవరిది?” అంది దెయ్యం.

“మా నాన్నదండీ.”

“ఈ సొట్ట?”

“…నాదండీ.”

చేతులు తీసి నెత్తిన పెట్టుకోవడానికి లేదు. తీస్తే బండి మీదికొస్తుంది. ఇద్దరూ తోస్తూనే ఉన్నారు.

“గోదాము కాపలా అన్నావు,” అంది చిన్నది పళ్ళ మధ్య నుంచి.

“కారు ముట్టుకోనన్నావు.”

“ఇది అమ్మ దుప్పటి. పక్కింటివాళ్ళు తీశారని నెలరోజులుగా వాళ్ళతో మాట్లాడట్లేదు.”

“మాట్లాడకు. తొయ్యి.”

ముందు నుంచి బావ గొంతు వణుకుతూ వచ్చింది. “మరదలు పిల్లా… ఎవరితోనే? ఏమంటోందే?”

“నిన్నే అడుగుతోంది బావా. కారు తిరగేసి ఎక్కించిందెవరని.”

ట్రైలరు ఇంకాస్త వేగంగా కదిలింది. ముందు నుంచి బావ కూడా లాగడం మొదలెట్టాడు.

అవతలి గట్టు మీద బ్రేకు దొరికింది. దీపం వెలిగింది. దుప్పటిలోంచి మామగారి మొహం బయటికి రాగానే బావ రెండు చేతులూ జోడించాడు.

“మామయ్యా… మీరెప్పుడు పోయారు? ఇంటికి కబురైనా రాలేదే.”

“నేను పోలేదు అల్లుడూ. నువ్వా ముక్కు మీంచి లేవకు.”

గట్టున కూర్చుని, మోకాలు పట్టుకుని, ఆయన చెప్పుకొచ్చాడు. హైవే మీద తూకం తప్పించుకోవాలని రాళ్ళ లారీలు, ఇసుక లారీలు ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు ఈ వంతెనెక్కుతున్నాయి. ఎప్పుడో రోడ్ల ఆఫీసుకెళ్ళి చెప్తే బోర్డు పెట్టారు. లారీవాళ్ళు బోర్డు చదివి మరీ దాటారు. ఒక చలి రాత్రి ఎలా ఉందో చూద్దామని ఈయనే దుప్పటి కప్పుకుని, దీపం పట్టుకుని వంతెన మీదికొచ్చాడు. ఎదురుగా వస్తున్న ఇటుకల లారీ ఆయన్ని చూసి ఊళ్ళో దాకా రివర్సులోనే పోయింది.

“అప్పుడర్థమైంది. బోర్డుకి భయపడరు, దీనికి భయపడతారు,” అన్నాడు దుప్పటి చూపిస్తూ. “మీ లైట్లు కళ్ళల్లో కొట్టాయి, లేకపోతే ఈ వ్యాను నాకు తెలీదా?”

కారు మూతి వైపు దీపం తిప్పి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

“గీత పడితే అన్నాను. ఇది గీత కాదు. గొయ్యి.” ఆగాడు. “గట్టు మీద బండి ఊగింది కదా. బ్రేకు తొక్కావా?”

“లేదు. కాలు తీసేశా.”

“హుఁ,” అన్నాడు ఆయన.

ఆయన మెప్పంటే అంతే. ఆ ఇంట్లో ఆ ‘హుఁ’ కోసం అక్క పెళ్ళయ్యేదాకా ఎదురుచూసింది. రాలేదు.

“మరి అమ్మకి…” అంది చిన్నది.

“నేను గోదాములో ఉన్నాను.”

“స్తంభం…”

“ఏ స్తంభం?”

అప్పుడు వంతెనకి ఆ చివర, తాము వచ్చిన దారిలో, రెండు లైట్లు గట్టెక్కాయి. ఎత్తుగా, నిండుగా, భారంగా. ఇసుక లారీ.

నాన్న లేవబోయి, మోకాలు పట్టేసి, మళ్ళీ కూలబడ్డాడు. చిన్నదాని వైపు చూశాడు. దుప్పటీ, దీపమూ చేతికిచ్చాడు.

ఆమె దుప్పటి కప్పుకుని నడిమధ్యకి పరిగెత్తింది. చెయ్యి వణుకుతోంది. దాంతో దీపం ఊగాల్సినట్టే ఊగింది. లారీ ఆగింది. ఆమె ఊపిరి వదిలింది…

“బరువెంత?”

సరిగ్గా అప్పుడే, ఆమె పాదాల కింద నుంచి మూలుగు లేచింది. పొడుగ్గా, లోతుగా, కడుపులోంచి వచ్చినట్టు. లారీ కదిలింది. వెనక్కి, వెనక్కి, లైట్లు చుక్కలైపోయేదాకా వెనక్కే పోయింది.

చిన్నది నవ్వు ఆపుకోలేక వగరుస్తూ వచ్చింది. “నాన్నా, ఆ మూలుగు భలే అందుకున్నావు. నాకే భయమేసింది.”

నాన్న ఫ్లాస్కు మూత తిప్పుతున్నాడు. చెయ్యి ఆగింది.

“నేను దీపం ఊపుతాను. మాట అడుగుతాను. అంతే.”

“మరి మూలిగింది?”

ఇద్దరూ బావ వైపు చూశారు. బావ ట్రైలరు ముక్కు మీద, చెవుల్లో వేళ్ళు పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు.

“అది విన్నాకే కదే,” అన్నాడు నాన్న మెల్లగా, “నేను రోజూ రావడం మొదలెట్టింది.”

ముగ్గురూ ఇవతలున్నారు. వ్యాను ఇవతల, ట్రైలరు ఇవతల, లారీ ఎప్పుడో పోయింది. వంతెన మీద పురుగు కూడా లేదు.

అయినా అది మళ్ళీ మూలిగింది.