పదిహేడో వరసలో నవ్వు

అమెరికాలో పిస్కాటవేలో చదివే మన పిల్లల్ని ఎవర్నైనా అడగండి — యూనివర్సిటీ లైబ్రరీ బేస్‌మెంట్ అనగానే సగం మంది మాట మార్చేస్తారు. అక్కడ పాత చైనా పుస్తకాలుండే పదిహేడో వరసకి అంత చెడ్డపేరు. గురువారం చీకటిపడితే చాలు... ఎవరిదో పీక నొక్కినట్టు చప్పుడు. ఆ వెంటనే నవ్వు. ఒకరిది కాదు — గుంపుగా!

ఆ నవ్వు విని, అక్కడ పనిచేసే ఈషాన్ అనే కుర్రాడు ఒక బూటు అక్కడే వదిలేసి వచ్చాడట. తర్వాత చేరిన అమ్మాయి కోటు కూడా తీసుకోకుండా మంచులోకి పరిగెత్తి, మర్నాడు ఉద్యోగం మానేసింది. ఆ ఖాళీలో చేరింది ఖమ్మం నుంచి ఎంఎస్‌కి వచ్చిన సంహిత.

సంహితకి దెయ్యాల మీద నమ్మకం లేదు. భయం మాత్రం ఉంది.

డిసెంబర్. ఐదింటికే బయట కటిక చీకటి. ఆ గురువారం సూపర్‌వైజర్ డెనీస్ ఆమె చేతికో స్లిప్ ఇచ్చింది.

"రేపు పొద్దున క్లాసుకి ప్రొఫెసర్‌కి ఈ పుస్తకం కావాలి. పదిహేడో వరస. ఇదివరకు ఇద్దరు ఖాళీ చేతుల్తో వచ్చారు. నువ్వూ అలాగే వస్తే, నేను వేరేవాళ్ళని చూసుకోవాలి."

వందమందికి మెయిల్ పెడితే దొరికిన క్యాంపస్ జాబ్ అది. సంహిత మెట్లు దిగింది.

కింద మనిషి కదిలితేనే లైట్లు వెలుగుతాయి. ఆమె ఒక్కో వరసా దాటుతుంటే — ముందు వెలుగు... వెనక చీకటి. పదిహేను. పదహారు. పదిహేడు. పుస్తకం ఉండాల్సిన చోట సరిగ్గా పుస్తకమంత సందు. దుమ్ములో వేళ్ళ గుర్తులు... తాజావి.

ఆమె కొయ్యబారి నిలబడిపోయింది. లైటు ఆరిపోయింది.

"ఎక్..."

గోడలోంచి!

"ఎక్... ఎక్... ఎక్..." ఒకదాని వెంట ఒకటి, ఏడెనిమిది గొంతులు. ఆపైన పగలబడి నవ్వు.

సంహిత తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ వరసగా గొణిగింది. కంగారులో మధ్యలో తన స్టూడెంట్ ఐడీ నంబర్ కూడా గొణిగేసింది. పారిపోదామని వెనక్కి తిరగబోతుంటే, వరస చివర గోడకో తలుపు... దాని కిందనుంచి సన్నటి వెలుగు గీత.

దెయ్యాలకి లైటెందుకు?

ఆ ఒక్క అనుమానమే ఆమెని నిలబెట్టింది. తలుపు తోసింది.

టేబుల్ చుట్టూ ఏడుగురు. తెల్లటి జుట్టు, ముడతల మొహాలు. ఏడుగురూ నోళ్ళు తెరిచి... మెల్లగా ఆమె వైపు తిరిగారు.

సంహిత కెవ్వుమంది. వాళ్ళూ కెవ్వుమన్నారు.

ముందు తేరుకున్నది ఎర్ర స్వెట్టర్ వేసుకున్న ముసలావిడ, మేఫాంగ్. ఫ్లాస్క్‌లోంచి టీ పోసి ఇచ్చింది. "తాగమ్మా. భయంతో మా ఏడుగురి ప్రాణం ఒక్కసారే పోయేది."

అందరూ ఆ చుట్టుపక్కల ఉండే చైనా పెద్దవాళ్ళు. వాళ్ళలో షెన్ గారు ఈ లైబ్రరీలోనే ముప్పై ఏళ్ళు పుస్తకాలు బైండింగ్ చేసి రిటైరయ్యారు. ఇది ఆయన పాత గది. తాళంచెవి ఇంకా ఆయన జేబులోనే ఉంది. సంహిత వెతుకుతున్న పుస్తకం ఆయన ముందుంది.

"పైన రీడింగ్ రూమ్‌లో చదువుకోవచ్చు కదా అంకుల్?"

"చదివాం. పది నిమిషాల్లో బయటికి పంపేశారు, నవ్వుతున్నామని." ఆయన గొంతు తగ్గించారు. "దీన్నెలా నవ్వకుండా చదవడం?"

తలో పాత్ర పంచుకుని వాళ్ళు పైకి చదువుతున్న ఆ కథ దెయ్యాల లోకంలోది. నిండు సభలో రాజుకి ఎక్కిళ్ళు పట్టుకుంటాయి. ఆ మాట అనే ధైర్యం ఎవరికీ లేదు. ఒక మంత్రి తెలివిగా తనూ ఎక్కిళ్ళు మొదలుపెడతాడు — వెంటనే ప్రమోషన్! సాయంత్రానికి రాజ్యమంతా ఎక్కిళ్ళే. ఎక్కిళ్ళు రాని ఒకే ఒక్క గుమాస్తా దెయ్యాన్ని రాజద్రోహమని పట్టుకుపోతారు.

"ఒకప్పుడు మా దేశంలో ఇది ఇంట్లో దొరికితే జైలే" అంది మేఫాంగ్.

"దెయ్యాల కథకా?"

"రాసినాయనా అదే అన్నాడు — దెయ్యాల కథండీ, మీకేం సంబంధమని. అప్పటి చక్రవర్తి కూడా రాత్రంతా చదివి, పొట్ట పట్టుకుని నవ్వాడట. పొద్దున సభకి వెళ్ళాడు. తుమ్మొచ్చింది, తుమ్మాడు. అంతే... మంత్రులందరూ వరసగా తుమ్మారు!" మేఫాంగ్ ఒక్క క్షణం ఆగింది. "అప్పుడాగింది ఆయన నవ్వు. పుస్తకాలన్నీ కాల్చెయ్యమన్నాడు."

మూలనున్న బక్క తాత మెల్లగా అడిగాడు. "మమ్మల్ని పట్టిస్తావా? ఇంకా నాలుగు పేజీలే ఉన్నాయి..."

పైన డెనీస్ ఎదురుచూస్తోంది. సంహిత వాచీ చూసుకుంది. కుర్చీ లాక్కుంది.

"గుమాస్తా మాటలు ఎవరు చదువుతున్నారు?"

ఎవరూ లేరు. షెన్ గారు ఇంగ్లీషులో చెబుతుంటే సంహిత తెలుగులో అందుకుంది — "మహాప్రభో! చచ్చి దెయ్యమైనా నాకు ఎక్కిళ్ళు రావట్లేదు ప్రభో!" ఒక్క ముక్క అర్థంకాకపోయినా ఏడుగురూ టేబుల్ మీద పడి నవ్వారు. చివరికి గుమాస్తా రాజుకి గ్లాసుడు మంచినీళ్ళిస్తాడు. ఎక్కిళ్ళు ఆగిపోతాయి. రాజు చుట్టూ చూస్తాడు... సభంతా ఇంకా "ఎక్... ఎక్..."

"నన్నే వెక్కిరిస్తారా!" అని అందర్నీ గెంటేస్తాడు.

సంహితకి నవ్వీ నవ్వీ డొక్కలు నొప్పెట్టాయి.

పుస్తకంతో పైకి వచ్చేసరికి డెనీస్ మెట్ల దగ్గర గుండె మీద చెయ్యి వేసుకుని ఉంది.

"నవ్వు... నాకూ వినిపించింది. కింద ఎవరున్నారు?"

నిజం చెబితే రేపటికల్లా ఆ గదికి కొత్త తాళం పడుతుంది.

"దెయ్యాలు, మ్యామ్" అంది సంహిత, మొహంలో నవ్వు కనపడకుండా పళ్ళు బిగించి. "ఏడు."

డెనీస్ పాలిపోయింది. "ఏం... ఏం చేస్తున్నాయి?"

"నవ్వుకుంటున్నాయి."

"ఎవర్ని చూసి?"

సంహిత పుస్తకం ఆమె చేతిలో పెట్టి కోటు తగిలించుకుంది.

"పైన కూర్చున్నవాళ్ళని చూసి, మ్యామ్."

మర్నాడే బేస్‌మెంట్ తలుపుకి నోటీసు పడింది — గురువారాలు ఐదు దాటాక స్టాఫ్ ఎవరూ కిందికి వెళ్ళకూడదని. ఆ వచ్చే గురువారం షెన్ గారు కొత్త పుస్తకం మొదలుపెట్టారు. టేబుల్ చుట్టూ ఈసారి ఎనిమిది కుర్చీలు వేశారు.