రెన్ అంటే తామర

ఆ రోజు మనవడికి పేరు పెట్టే రోజే అయినా, సుమియె పొద్దు ఎప్పటిలాగే మొదలైంది. పొయ్యి మీద మిసో చారు పెట్టింది. ఉడికిన అన్నం చిన్న గిన్నెలోకి తీసి పూజ అలమర ముందు ఉంచి, గంట ఒక్కసారి మెల్లగా మోగించి చేతులు జోడించింది. అలమరలో అత్తమామల పేర్లు చెక్కిన ఫలకాలు రెండు ఠీవిగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక, వెతికితే తప్ప కనిపించని చోట, నల్ల లక్క పూసిన చిన్న ఫలకం ఇంకొకటి ఉంది. అది ఆమె మొదటి కొడుకుది.

ముప్పై అయిదేళ్ల కిందటి మాట. ఆ పసివాడు పుట్టిన మూడో రోజునే పోయాడు. ఏ ఇంట్లోనైనా పేరు పెట్టేది ఏడో రోజున. వాడు అంతదాకా ఆగలేదు. పోయాక బౌద్ధ గుడి గురువు రాసిచ్చిన పేరే వాడికి మిగిలింది. అందులో మొదటి అక్షరం ‘రెన్’. అంటే తామర. సుమియె ఇంకా ఆసుపత్రి మంచం మీద ఉండగానే దహనం అయిపోయింది. ఇంటికొచ్చేసరికి పిల్లాడి చోట ఈ చెక్కముక్క ఉంది. మొగుడు కునిహిరో అప్పుడు ఒకే మాట అన్నాడు. “ఇంక దీని గురించి ఈ ఇంట్లో మాట్లాడొద్దు.” ఆమె మాట్లాడలేదు.

కిటికీలోంచి చూస్తే కసుమిగౌరా సరస్సు దాకా తామర మడులే. నవంబరు కదా, ఆకులన్నీ ఎండి, కాడలు విరిగి, నీళ్లలోకి వంగిపోయి ఉన్నాయి. మడి మధ్యలో నడుం పైదాకా రబ్బరు తొడుగు వేసుకుని కునిహిరో తామర దుంపలు తీస్తున్నాడు. డెబ్బైకి దగ్గరపడ్డ మనిషి. చన్నీళ్లంటే అతనికి లెక్కలేదు. బురద అడుగున చేత్తో తడిమి, గొట్టంతో నీళ్లు కొట్టి, దుంప విరక్కుండా పైకి తేవడం అతనికి మాట్లాడటం కంటే తేలిక.

“అత్తయ్యా, ఎర్రగింజల అన్నం నేను కలుపుతాను, మీరు కూర్చోండి,” అంటూ కోడలు మిహో పిల్లాణ్ణి ఎత్తుకుని కిందికి వచ్చింది.

“పచ్చి బాలింతవి, నువ్వు కూర్చో తల్లీ. చేపకి వెళ్లిన నీ మొగుడు ఇంకా రాలేదా?”

“అతనికి మంచి చేప తప్ప ఇంకేం కళ్లకి ఆనదు. బజారంతా తిరిగిగానీ రాడు.” మిహో నవ్వింది. గొంతు తగ్గించింది. “అత్తయ్యా, పేరు సాయంత్రం అందరిముందూ చెబుదామన్నాడు. నా వల్ల కావట్లేదు. మీకు ముందే చెప్పేయనా?”

“చెప్పెయ్. వారం నుంచీ నాకూ కడుపుబ్బిపోతోంది.”

“రెన్.”

గరిటె గిన్నె అంచుకు తగిలి ఆగిపోయింది.

“ఏమిటీ?”

“రెన్, అత్తయ్యా. తామర. ఒక్కటే అక్షరం. బురదలో పుట్టినా బురద అంటని పువ్వు! ఈమధ్య మగపిల్లలకి అందరూ పెట్టుకుంటున్నది ఇదే. ఆసుపత్రిలో నా వార్డులోనే ఇంకో ఇద్దరు ఇదే అనుకున్నారు.”

“బురద అంటదా? మీ మామయ్య బట్టలు ఒక్కరోజు ఉతికి చూడు, తెలుస్తుంది.”

మిహో అది వేళాకోళం అనుకుని నవ్వింది. సుమియె మొహం చూసి ఆ నవ్వు ఆపేసింది.

“ఇంకో పేరు చూసుకోండి,” అంది సుమియె. “మనం దుంపలు అమ్ముకునేవాళ్లం. బళ్లో వీణ్ణి దుంప, దుంప అని ఏడిపిస్తారు.”

“ఈ కాలం పిల్లలు అలా అనరు అత్తయ్యా. మా అమ్మ కూడా ఎంత బావుందో అంది.”

“మీ అమ్మకేం తెలుసు? మిటో పట్నంలో అపార్టుమెంటులో కూర్చుని పువ్వు బొమ్మలు చూసి ముచ్చటపడితే సరిపోతుందా? అది పోయినవాళ్లకి పెట్టే పేరు. గుడిలో, సమాధుల దగ్గర వినాల్సిన పేరు. పాలు తాగే బిడ్డని పట్టుకుని అలా పిలుస్తారా ఎవరైనా?”

మిహో పిల్లాణ్ణి గుండెకి గట్టిగా అదుముకుంది. “నేనేం చేసినా మీకు నచ్చదని తెలుసు. కానీ ఏడు రోజుల పసివాణ్ణి పట్టుకుని పోయినవాళ్లంటారా? మీకు నోరెలా వచ్చింది?”

సరిగ్గా అప్పుడే యసునొరి చేప సంచితో లోపలికి వచ్చాడు. ఒకసారి తల్లిని, ఒకసారి పెళ్లాన్ని చూశాడు. విషయం అర్థమైపోయింది.

“అమ్మా, ఇంక ఆ మాట వదిలెయ్. నిన్ననే ఆఫీసుకెళ్లి పేరు రాయించి వచ్చాను. మార్చాలంటే కోర్టుకెక్కాలి.”

“నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?”

“చెబితే ఇదిగో, ఇలాగే అవుతుందని...”

“ఇలా అవుతుందని నీకెలా తెలుసురా?” సుమియె గొంతు ఉన్నట్టుండి చల్లబడింది. “ఆ పేరంటే నేనేమవుతానో నీకెవరు చెప్పారు? అసలు ఈ పేరు నీకు ఎవరు చెప్పారు?”

యసునొరి చూపు పెరటి గుమ్మం వైపు పోయింది. అక్కడ కునిహిరో రబ్బరు తొడుగు విప్పడం సగంలో ఆపి, ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు.

“నాన్న చెప్పారు,” అన్నాడు యసునొరి. “మిహోకి నెల తప్పిందని తెలిసినప్పుడు, చలికాలం చివర్లో మడిలో దుంపలు తీస్తుంటే చెప్పారు. నాకో అన్న ఉండేవాడని అప్పటిదాకా నాకు తెలీనే తెలీదమ్మా. ఆ చిన్న ఫలకం ఎవరో ముత్తాతదనుకున్నాను.”

“అన్నా?” అంది మిహో. “ఏ అన్న? ఎవరికి?”

ఆమె ఒక్కొక్కరి మొహం చూస్తూ వచ్చి, మొగుడి దగ్గర ఆగింది. “మూడు పేర్లు అనుకున్నాం. నువ్వే ఇది బావుంటుంది, ఇది బావుంటుందని నా చేత అనిపించావు. నేనే ఎంచుకున్నానని పొంగిపోయాను. అంటే... పోయిన బిడ్డ పేరు తెచ్చి నా బిడ్డకి తగిలించారా? తండ్రీ కొడుకులు కలిసి? నాకు తెలీకుండా?”

“అలా కాదు మిహో...”

“ఇంకెలా?”

మిహో మెట్లెక్కి వెళ్లిపోయింది. పైన తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. సుమియె పొయ్యి ఆర్పి, పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది.

“నన్ను ఏడవద్దన్నారు,” అంది. “మీ అమ్మ ముందు ఏడవద్దన్నారు. ఊళ్లో ఎవరైనా అడిగితే తల తిప్పుకోమన్నారు. ముప్పై అయిదేళ్లు తిప్పుకున్నాను. పొద్దున్నే అన్నం పెట్టి గంట కొట్టేటప్పుడు కూడా మీరు వింటారేమోనని పెద్దగా చప్పుడు కాకుండా కొట్టాను. మీరు మాత్రం హాయిగా మడిలో నిలబడి కొడుకుతో చెప్పుకున్నారు. పక్కన పడుకునే మనిషిని ఒకదాన్ని ఉన్నాను కదండీ, నాకు చెప్పుకోవడానికి మీకు నోరు రాలేదా?”

“మడికి వెళ్లొస్తా,” అని, కునిహిరో సగం విప్పిన తొడుగు మళ్లీ వేసుకున్నాడు.

ఆ సాయంత్రం యసునొరి కుంచెతో ‘రెన్’ అని రాసి, తెల్ల కాగితాన్ని అలమర పక్కన అంటించాడు. చేప పళ్లెంలో చల్లారిపోయింది. ఎర్రగింజల అన్నం ఎవరూ సరిగ్గా ముట్టలేదు.

తర్వాతి రోజుల్లో ఆ ఇల్లు ఒక తీరున నడిచింది. మిహో మొగుడితో పిల్లాడి గుడ్డల గురించి, పాల గురించి తప్ప మాట్లాడేది కాదు. సుమియె మూడు పూటలా అన్నం పళ్లెం పైకి తీసుకెళ్లేది. మొదట్లో తలుపు బయట పెట్టి వచ్చేది. ఒకరోజు మిహో లోపలికి రమ్మంది. పిల్లాడికి కడుపునొప్పి, ఆపకుండా ఏడుస్తున్నాడు. సుమియె వాణ్ణి బోర్లా తన ముంజేతి మీద వేసుకుని వీపు రాస్తే తేనుపు వచ్చి నిద్రపోయాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ కలిసే వాడికి నీళ్లు పోసేవాళ్లు. బుజ్జికన్నా, బంగారూ, చిట్టినాన్నా అని నోటికొచ్చినట్టల్లా పిలిచేది సుమియె. పేరు పెట్టి మాత్రం పిలవలేదు. మిహో గమనించింది కానీ అడగలేదు. ఆమె కూడా ఆ పేరు పలకడం తగ్గించేసింది.

ఒక మధ్యాహ్నం పాకలో సుమియె దుంపలు కడుగుతుంటే కునిహిరో వచ్చి ఎదురుగా పీట వేసుకున్నాడు. చాలాసేపు చేతుల మీది బురద గోక్కున్నాడు.

“ఆ అక్షరం గురువు పెట్టింది కాదు,” అన్నాడు చివరికి. “నేనే అడిగాను. ఏం రాయమంటావని ఆయన అడిగాడు. నాకేం తెలుసు? నాకు తెలిసింది ఈ ఒక్క మొక్కే. తామర అని రాయమన్నాను.”

సుమియె నీళ్ల గొట్టం కట్టేసింది.

“అప్పట్లో ఎవరూ పిల్లలకి ఆ పేరు పెట్టేవాళ్లు కాదు. ఇప్పుడు ఎక్కడ చూసినా పెడుతున్నారు. దుకాణంలో విన్నాను, బస్సు స్టాపులో విన్నాను. తల్లులు ‘రెన్, రెన్’ అని పిలుస్తుంటే పిల్లలు పరిగెత్తుకొస్తున్నారు. చెక్క మీద కాకుండా... ప్రాణమున్న మనిషికి ఆ పేరు ఉంటే చూడాలనిపించింది. అంతే.”

“అంతేనా?”

“అంతే.”

“ఆ రోజు వాణ్ణి నాకు ఒక్కసారి చూపించకుండా తీసుకెళ్లారు. ఏ బట్ట కట్టారో తెలీదు. మొహం మీద ఏం కప్పారో తెలీదు. ఆ అక్షరం మీరే అడిగారని ఇవాళ తెలిసింది నాకు. ఇదొక్కటే మిగిలిందనుకున్నాను, ఇది కూడా మీదేనా?” ఆమె గొంతు పెంచలేదు. “నాది ఏముందండీ ఇందులో?”

సుమియె జవాబు కోసం ఆగకుండా మళ్లీ గొట్టం తిప్పింది. నీళ్ల చప్పుడులో ఇద్దరూ తలొక వైపు చూస్తూ కూర్చున్నారు.

నెల నిండాక పిల్లాణ్ణి డాక్టరుకి చూపించాల్సి వచ్చింది. యసునొరికి సెలవు దొరకలేదు. “అత్తయ్యా, మీరు రండి,” అంది మిహో. బండి నడిపేది కునిహిరో కాబట్టి అతనూ వచ్చాడు. క్లినిక్‌లో జనం కిక్కిరిసి ఉన్నారు. ఏడుపులు, దగ్గులు, నేల మీద దొర్లుతున్న బొమ్మ కార్లు. మిహో, సుమియె పక్కపక్కన కూర్చున్నారు. కునిహిరో ఒక కుర్చీ వదిలేసి టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

నర్సు తలుపు తీసి పిలిచింది. “రెన్ బాబు! రెన్ బాబు ఎవరండీ?”

అటు మూల ఒక తల్లి లేచింది. ఇటు చేపల తొట్టి దగ్గర ఇంకొకామె లేచింది. మిహో కూడా సగం లేచింది. ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. నర్సు నెత్తి కొట్టుకుంది. “అయ్యో, మళ్లీ ఇదే గోల! ఇంటిపేరు చెప్పాలి నేను. ఓనుకి రెన్ బాబు!” చేపల తొట్టి దగ్గరి ఆమె నవ్వుకుంటూ లోపలికి వెళ్లింది. హాలంతా నవ్వింది.

సుమియె నవ్వలేదు. మిహో మళ్లీ కూర్చుని, పిల్లాడి టోపీ సర్దుతూ, తల ఎత్తకుండా అడిగింది.

“అత్తయ్యా, ఆ పోయిన బాబుకి మీరేం పేరు అనుకున్నారు?”

సుమియె ఆమె వైపు తిరిగి చూసింది. అత్త అడగలేదు, తల్లి అడగలేదు, పక్కలో పడుకునే మనిషి అడగలేదు. మొన్నామధ్య తనతో పోట్లాడిన పిల్ల అడిగింది.

“దైసుకె,” అంది. ఆ మాట ఇన్నేళ్లకు మొదటిసారి గాలిలోకి వచ్చింది. “నవ్వకు. ఆ రోజుల్లో వీధికి నలుగురు దైసుకెలు. మా అక్కకి చెప్పి ఉంటే ఎగతాళి చేసేదే, ఇంకే పేరూ దొరకలేదా అని. నాకు మాత్రం అందరి పిల్లల్లో ఒకడుగా ఉంటే చాలనిపించింది. గొప్పవాడు కానక్కర్లేదు, పేరు వింతగా ఉండక్కర్లేదు. నలుగురిలో కలిసి బడికి పోయి, సాయంత్రం బట్టలు మాపుకుని ఇంటికొస్తే చాలనుకున్నాను.” ఆమె చూపు నేల మీది బొమ్మ కార్ల మీదికి పోయింది. “తర్వాత చాలా ఏళ్లు ఎవరో ఒకరు వీధిలో ‘దైసుకే, అన్నానికి రారా’ అని కేకేసేవాళ్లు. నేను వంటింటి కిటికీ మూసేసుకునేదాన్ని.”

మిహో ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుంది.

“హొత్తా రెన్ బాబు!” ఈసారి పిలిచింది తమ ఇంటిపేరుతోనే.

మిహో పిల్లాణ్ణి ఎత్తుకుని లోపలికి వెళ్లింది. కుర్చీలో సుమియె, ఖాళీ కుర్చీ అవతల కునిహిరో మిగిలారు. అతను టోపీని రెండు చేతులా నలిపేస్తున్నాడు.

“నాకు చెప్పలేదేం?” అన్నాడు.

“అడగలేదు కదా మీరు.”

అతను తల ఊపాడు. దూరంగా ఆడుకుంటున్న పిల్లాణ్ణి పిలుస్తున్నట్టు అన్నాడు. “దైసుకె.” ఇంకోసారి అనబోయి, ముసలి మొహం చేతుల్లో దాచుకున్నాడు. సుమియె అతని వీపు మీద చెయ్యి వెయ్యలేదు. అలాగని లేచి వేరే చోటికీ పోలేదు. తన కన్నీళ్లూ తుడుచుకోలేదు.

లోపలి నుంచి పిల్లాడి ఏడుపు గట్టిగా వినిపించింది. చన్నీళ్లలో ముంచినట్టు కేకలు పెడుతున్నాడు. “అత్తయ్యా, ఒకసారి రండి!” మిహో పిలిచింది.

సుమియె గభాల్న లేచి తలుపు దాకా పరిగెత్తింది.

“వస్తున్నాను రెన్, వస్తున్నాను! ఏడవకు నాన్నా!”

చేపల తొట్టి దగ్గర ఆడుకుంటున్న, అటు మూల తల్లి మూడేళ్ల కొడుకు, తననే పిలిచారనుకుని, “ఆఁ!” అని పలికాడు.