చివరి చుట్టు

వంశధార నివాసంలో సూర్యోదయం వేళ ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. అప్పుడు మాట్లాడేది పైకప్పు. కుజగ్రహపు రాత్రి చలికి ముడుచుకున్న అద్దాల పలకలు తొలి ఎండ తగలగానే సాగుతాయి. టిక్కు టిక్కుమని చిన్న చప్పుళ్ళు వస్తాయి. పిల్లలు ఆ చప్పుళ్ళకే లేచి పళ్ళు తోముకుంటారు.

ఒకప్పుడు ఆ చప్పుళ్ళంటే భయపడేవారు. అప్పట్లో పలకల్ని ఉక్కు బోల్టులతో చట్రానికి బిగించేవారు. వదులైతే లోపలి గాలి బయటికి పోతుంది, గట్టిగా బిగిస్తే పలుచని అద్దం పగులుతుంది. పైగా ఫిట్టర్లకో ఆచారం ఉండేది. కొలత ప్రకారం బిగించాక, ఆ కప్పు కింద పడుకునే మనిషి పేరు తలుచుకుని పానాతో ఇంకొక్కసారి తిప్పేవారు. దాన్ని చివరి చుట్టు అనేవారు. ప్రేమ కొద్దీ తిప్పిన ఆ చుట్టుకే చాలా అద్దాలు పగిలాయి. మనుషులూ పోయారు.

భానోజీ కనిపెట్టిన ఒదుగుచీల ఆ బాధ తప్పించింది. అది చిటికెన వేలంత ఉంటుంది. ఒంటినిండా వెంట్రుకకన్నా సన్నని స్మృతిలోహపు పోగులు. ప్రయోగశాలలో షేప్ మెమరీ మెటల్ అంటారు. రంధ్రంలో పెట్టగానే పోగులు విచ్చుకుని దాని గోడకి ఒదిగిపోతాయి. బరువంతా అవే పంచుకుంటాయి కాబట్టి అద్దాన్ని నొక్కాల్సిన పని లేదు. అద్దం సాగితే చీల కూడా దానితోపాటు జరుగుతుంది. తియ్యాలంటే తల మీద వేలు ఆనించి ఓ ఊపిరి సేపు ఉంచితే చాలు, పోగులు మూసుకుని చీల చేతిలోకి వచ్చేస్తుంది.

మొదటిసారి దాన్ని చేతిలో పెట్టినప్పుడు ఫిట్టర్ల మేస్త్రి పైడితల్లి అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది.

"ఏటి మాస్టారూ, ఇది కప్పుకా, జడకా?"

"కప్పుకేనమ్మా."

"పట్టుకుందని ఎలా తెలుస్తాది? చేతికి ఏమీ తగల్లేదు."

"పరీక్షలన్నీ చేశాను కదా."

"మీ పరీక్షలు మీకు తెలుసు. నా చేతికి తెలీదు కదా!"

భానోజీ భార్య నూకరత్నం పక్కనే ఉంది. పెళ్ళికి ముందు ఆమె కూడా ఫిట్టరే. "ఊరుకోవే పైడీ, పానా మొయ్యక్కర్లేదు. నీ నడుం బాగుపడుద్ది," అంది.

చాలా కాలం ఒక్క పలకా పగల్లేదు. తర్వాత ఒక ఉదయం, భానోజీ ప్రయోగశాలలో ఉండగా, ఒకటి పగిలింది. అది అతని పడకగది మీది పలక. గాలి పోవడం గుర్తించి తలుపు దానంతటదే మూసుకుంది. లోపల నూకరత్నం నిద్రపోతోంది.

"గాలి అలా పల్చబడితే నొప్పి తెలియకముందే స్పృహ పోతుందండీ," అని చెప్పింది డాక్టరు. "ఆవిడ నిద్రలోంచి నిద్రలోకే వెళ్ళారు." భానోజీకి ఆ రోజు మిగిలింది ఆ మాట ఒక్కటే.

నివాస సభ మాత్రం ఆగలేదు. చీలలో లోపం లేదని సాయంత్రంలోగా చూపించలేకపోతే, కప్పులన్నిటికీ మళ్ళీ బోల్టులే వేయిస్తామంది.

గదికి తాత్కాలికంగా రేకు కప్పి గాలి నింపారు. భానోజీ, పైడితల్లి లోపలికి వెళ్ళి పలక అంచుపట్టీ ఊడదీశారు. చీలల్లో ఒక్కటీ జారలేదు. కానీ భానోజీ తలగడకి సరిగ్గా పైన ఉన్న చీలలకి రాగితీగ చుట్టి, చట్రానికి మెలితిప్పి కట్టి ఉంది. ఎండకి అద్దం సాగబోతే చీలలు కదలకుండా ఆ తీగ ఆపేసింది. పగులు అక్కణ్ణుంచే మొదలైంది.

పైడితల్లి తీగని ముట్టుకుని చెయ్యి వెనక్కి తీసేసుకుంది. "ఇలా ఎడంపక్కకి మెలితిప్పేది మాలో ఒక్కర్తే."

నూకరత్నానిది ఎడంచేతి వాటం. ఆమె పడుకునే వైపు చీలలకి తీగ లేదు.

భానోజీ మంచం మీద కూర్చున్నాడు. "నా చీల మీద రత్నానికి నమ్మకం లేదా పైడితల్లీ?"

"లేకేం మాస్టారూ? తనవైపు ఉత్త చీల కిందే పడుకుంది కదా. మీ దగ్గరికొచ్చేసరికి ఆ నమ్మకం చాల్లేదు."

ఆమే మళ్ళీ అంది: "తీగ తీసేద్దాం. చీలదే తప్పనుకోనీండి. అక్క పేరు బయటికి రాకూడదు."

"అప్పుడు రేపట్నుంచి బోల్టులు వస్తాయి. ఎవరింటి అద్దమో పగులుతుంది."

పైడితల్లి తీగ మెలి విప్పి అతని చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం సభలో భానోజీ తీగని బల్ల మీద పెట్టి, కట్టింది ఎవరో, ఎవరి కోసమో చెప్పాడు. వెనక వరసలోంచి ఒక ఫిట్టరు లేచి బయటికి నడిచాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు వెళ్ళారు. చీకటి పడేలోగా ఊయల మీది కప్పు నుంచి, ముసలి తండ్రి మంచం పైనుంచి, ఎక్కడెక్కడి నుంచో తీగలు దిగొచ్చాయి. ఇన్నాళ్ళూ ఆ అద్దాలు పగలకపోవడం ఎవరి దయో! అందరికన్నా చివర పైడితల్లి వచ్చి తన తీగ బల్ల మీద పెట్టింది.

"నా కూతురి గదిది. తీసేశాను మాస్టారూ. ఇప్పుడు దాని పేరు తలుచుకుని ఏం చెయ్యమంటారు?"



సభ చీలల్ని ఉండనిచ్చింది. భానోజీ ప్రయోగశాలకి వెళ్ళి, చీల నమూనాలో తలకి ఒక చిన్న ఉంగరం గీశాడు.

"ఈ ఉంగరం తిరుగుతుంది కానీ దేన్నీ కదపదు," అంది గీతలు సరిచూసే యంత్రం. "పొరపాటున చేర్చారా?"

"లేదు. ఉండనీ."

"ఉపయోగం ఏమని రాయను?"

"ఖాళీగా వదిలెయ్."

కొత్త చీలలు ఫిట్టర్లకి అందాయి. ఉంగరం ఏ పనీ చెయ్యదని భానోజీ అందరికీ దాపరికం లేకుండా చెప్పాడు. వారం తిరక్కుండా పైడితల్లి వచ్చింది.

"ఉంగరం మరీ సులువుగా తిరుగుతోంది మాస్టారూ."

"అది దేన్నీ పట్టుకోదని చెప్పాను కదమ్మా."

"తెలుసు. కాస్త గట్టిగా తిరిగేలా చెయ్యండి."

చేశాడు.

అతని గదికి కొత్త పలక వచ్చిన రోజు మిగతావాళ్ళని పంపేసి, మంచమెక్కి భానోజీ తనే చీలలు పెట్టాడు. నూకరత్నం పడుకునే వైపు ఆఖరి చీల దగ్గర ఆగాడు. దాని కింద ఇక పడుకునేవాళ్ళు లేరు. ఆ ఉంగరం సంగతి అతనికన్నా బాగా తెలిసినవాళ్ళూ లేరు. ఆమె పేరు పైకే అని, బలమంతా పెట్టి ఒక చుట్టు తిప్పాడు. ఆగలేక, ఇంకొకటి తిప్పాడు.