కోటు జేబుల్లో నీలం కాగితాలు

ఏడింటికి లాండ్రీ షట్టరు లేస్తుంది. ఏడుంబావుకి ఇస్త్రీపెట్టెలు వేడెక్కుతాయి. ఏడున్నరకి మొదటి మనిషి వస్తాడు. పాతికేళ్ళుగా ఆ షాపులో పొద్దు ఇలాగే మొదలవుతోంది. కింద షాపు, పైన ఇల్లు, మధ్య పదమూడు మెట్లు. యజమానిని వీధి వీధంతా ఇస్త్రీ మాస్టారంటుంది. ఆయన భార్య కౌంటరు చూసుకుంటుంది. కూతురికి ఇరవై నాలుగేళ్ళు. చీటీలు రాయడం, బట్టలు మడవడం, ఇళ్ళకి చేరవేయడం ఆమె పని.

ఆ షాపుకో నియమం ఉంది. ఉతకడానికి వచ్చిన ప్రతి బట్టకీ జేబులు వెతకాలి. బస్సు టిక్కెట్టు దొరికినా, బొత్తాం దొరికినా కాగితం కవర్లో పెట్టి ఆ బట్టకే పిన్ను కొట్టి తిరిగివ్వాలి. జేబులోంచి ఏదీ పోకూడదు, జేబులోకి కొత్తది ఏదీ రాకూడదు. పనిలో చేరినవాళ్ళకి మాస్టారు మొదటిరోజు నేర్పేది ఇదే. ఇస్త్రీ రెండోరోజు.

ఆ బుధవారం ఏడున్నరకి బస్సు డ్రైవరు వచ్చాడు. ముందురోజే తీసుకెళ్ళిన యూనిఫారం కోటు ఒంటి మీద ఉంది. చంకలో దుప్పట్ల మూట ఉంది.

"మాస్టారూ, ఈ ఆఫరు ఎన్నాళ్ళుంటుంది?" అన్నాడు.

"ఏం ఆఫరు?"

డ్రైవరు జేబులోంచి నీలం కాగితం తీసి కౌంటరు మీద పరిచాడు. "మీరు పెట్టిందేగా! ఉచితమని ఇంతింత అక్షరాలతో రాశారు. మా ఆవిడ చూసి, అయితే దుప్పట్లు కూడా పడేసి రమ్మంది."

మాస్టారు కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. 'రక్షణ ఉచితం. ఇప్పుడే అందుకోండి' అని ఉంది. కింద సిలువ బొమ్మ ఉంది.

"ఇది దుప్పట్ల గురించి కాదయ్యా."

"మరి దేని గురించి?"

మాస్టారు కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు. ఆయన భార్య మూట అందుకుంది. "మీరు వెళ్ళిరండి అన్నయ్యగారూ. ఈసారికి దుప్పట్లూ ఉచితమే," అంది. డ్రైవరు ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

ఎనిమిదింటికి బ్యాంకు మేనేజరమ్మ వచ్చింది. ఆమె దగ్గర మూట లేదు, నవ్వు లేదు.

"నిన్న మీటింగులో పెన్ను కోసం జేబులో చెయ్యి పెడితే ఇది వచ్చింది. పదిమంది ముందు," అని నీలం కాగితం కౌంటరు మీద పెట్టింది. "నేను మీకు కోటిచ్చింది ఉతకడానికి మాస్టారూ. నాకు బోధ చేయడానికి కాదు. ఇక నా బట్టలు ఇంకోచోట ఇచ్చుకుంటాను."

పదిహేనేళ్ళుగా వస్తున్న మనిషి. మాస్టారు నోరు విప్పేలోపు గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

మాస్టారు లోపలికి వెళ్ళి, పంపించడానికి సిద్ధంగా ఉన్న కోట్లు వెతికాడు. పదకొండు ఉన్నాయి. తొమ్మిదింటిలో నీలం కాగితాలు దొరికాయి. మిగతా రెండింటికి జేబుల్లేవు.

కూతురు బట్టలు ఇచ్చి వచ్చేసరికి కౌంటరు మీద తొమ్మిది కాగితాలూ వరసగా ఉన్నాయి. ఇలాంటి పని ఆ ఇంట్లో కూతురు తప్ప ఇంకెవరూ చేయరు. మాస్టారు తలుపుకి వేలాడే బోర్డు 'మూసి ఉంది' వైపు తిప్పాడు. పనిరోజున ఆయన ఆ బోర్డు తిప్పడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"పైకి రా," అన్నాడు.

వంటింట్లో ముగ్గురూ కూర్చున్నారు. తల్లి టీ పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

"నేనే పెట్టాను నాన్నా," అంది కూతురు. "వచ్చే ఆదివారం బాప్తిస్మం తీసుకుంటున్నాను. నేను యేసుని నమ్ముకున్నాను."

అది ఒక్కరోజులో జరిగింది కాదు. మార్కెట్టు అవతల వృద్ధుల ఆశ్రమానికి మంగళవారం, శుక్రవారం దుప్పట్లు ఇచ్చిరావడం ఆమె పని. అక్కడ చూపు తగ్గిన ఒక పెద్దావిడ ఉంది, ఒకప్పుడు నర్సు. ఒకనాడు బైబిలు ఇచ్చి ఒక్క పేజీ చదివిపెట్టమంది. పేజీ అధ్యాయమైంది. ఏడాది గడిచింది. చదువుతున్నది పెద్దావిడ కోసమనే ఆమె అనుకుంటూ వచ్చింది. ఒక శుక్రవారం పెద్దావిడ కునుకు తీసింది. ఆమె మాత్రం పుస్తకం మూయలేదు. అప్పుడు తెలిసింది, తను ఎవరి కోసం చదువుతోందో.

మాస్టారు భార్య వైపు చూశాడు. "నీకు తెలుసా?"

"నెలైంది."

"నెలా!"

"మీకు తనే చెప్తానందండీ. రోజూ రేపంటుంది. నేనేం చేయను?"

మాస్టారు ఒక కాగితం తీసి చదవడం మొదలుపెట్టాడు. మూడో వాక్యం దగ్గర ఆగాడు. "పాపం మరకలాంటిదట. యేసు రక్తం ఒక్క చుక్కతో పోతుందట. ఇది రాసినాయన జన్మలో ఒక్క చొక్కా ఉతికి ఉండడు. సిరాకీ నూనెకీ ఒకటే మందా?"

తల్లికి నవ్వొచ్చి పొయ్యి వైపు తిరిగింది. కూతురు నవ్వలేదు. తండ్రి గొంతు మారబోతోందని ఆమెకి తెలుసు.

"డ్రైవరు జేబులో పెట్టావు. మేనేజరమ్మ జేబులో పెట్టావు," అన్నాడాయన. "నా చొక్కా అదిగో, ఆ మేకుకే ఉంటుంది. దానికీ జేబుంది. అందులో ఎందుకు పెట్టలేదు?"

ఆమె లేచి మేకుకున్న చొక్కా కాలరు సరిచేసింది.

"చెప్పవేం?"

"భయమేసింది నాన్నా."

"నేనేమన్నా కొడతానా, తిడతానా?"

"వాళ్ళు వద్దంటే పోనీలే అనుకోగలను. నువ్వు వద్దంటే ఏం చేయాలో తోచలేదు. నువ్వు అక్కడ లేకుండా నేను బాప్తిస్మం నీళ్ళలో దిగలేను."

మాస్టారు కాగితాన్ని బోర్లించాడు. "అయితే ఇప్పుడు చెప్పు. కాగితం చూడకు. ఆ పెద్ద పెద్ద మాటలొద్దు. దుప్పట్ల గురించి కాకపోతే దేని గురించో నాకు తెలియాలి. డ్రైవరు అడిగితే గుడ్లప్పగించి చూశాను."

ఆమె ఊపిరి తీసుకుంది. "దేవుడు మనల్ని తనతో ఉండాలని చేశాడు. మనం మన దారి చూసుకున్నాం. అబద్ధం, పగ, నేను బావుంటే చాలనుకోవడం. దాన్నే పాపం అంటారు. ఆయనకీ మనకీ మధ్య అది అడ్డం. మనంతట మనం దాన్ని తీసేయలేం."

"మంచి పనులు చేస్తే?"

"చేయాలి. కానీ ఇవాళ మంచి చేస్తే నిన్నటి తప్పు జరగనట్టు అవదుగా."

"మరెలా?"

"సంగీతం మాస్టారి సూటు గుర్తుందా?"

"ఇప్పుడదెందుకే?" అంది తల్లి.

ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఆమెకి పదహారు. స్నేహితురాలితో కబుర్లలో పడి ఇస్త్రీపెట్టె కోటు మీదే వదిలేసింది. వీపు మీద అరచేతంత మేర కాలిపోయింది. ఆ సాయంత్రమే సంగీతం మాస్టారి కచేరీ.

"నువ్వు ఆయన దగ్గరికెళ్ళి, కాల్చింది నేనేనండీ అన్నావు," అంది కూతురు. "ఆయన నిన్ను వీధిలో నిలబెట్టి అరగంట తిట్టాడు. జనం చేరారు. నేను తలుపు చాటునుంచి చూశాను. నువ్వు తల ఎత్తలేదు. తర్వాత నీ పెళ్ళి సూటు తెచ్చి ఆయనకి తొడిగావు. లోపలికొచ్చి, తిన్నావా అని మాత్రం అడిగావు నన్ను."

"కన్నవాణ్ణి. ఇంకేం చేస్తాను?"

"అదే నాన్నా. దేవుడు చేసింది అదే అంటున్నాను. తనే మనిషై వచ్చాడు. ఆయనే యేసు. ఏ తప్పూ చేయలేదు. మన తప్పులన్నీ తన మీద వేసుకుని సిలువ మీద ప్రాణం ఇచ్చాడు. మనల్ని తన పిల్లలుగా లోపలికి పిలిచాడు. దానికి బదులు మనం ఇవ్వగలిగింది ఏమీ లేదు. నమ్మి వెళ్ళడమే. రక్షణ అంటే అదే. అందుకే ఉచితమన్నారు."

మాస్టారు గ్లాసు తీసుకున్నాడు. టీ చల్లారింది. అయినా తాగాడు. "అన్నీ క్షమించేస్తే మనిషి చెడిపోడూ? రేపు మళ్ళీ చేస్తాడు."

"ఆ తర్వాత నేను ఇంకో బట్ట కాల్చానా?"

"లేదు."

"నీకు భయపడా?"

"మీకు భయపడడమా!" అంది తల్లి. "ఈ ఇంట్లో పిల్లి కూడా మీకు దారివ్వదు."

ఈసారి ముగ్గురూ నవ్వారు. మాస్టారే ముందు ఆపాడు. "నమ్ముతానని అనను. నువ్వు చెప్పింది మాత్రం అర్థమైంది. ఆ కాగితానికి చేతకానిది నీకు చేతనైంది. అయినా అడగకుండా జేబుల్లో పెట్టావు చూడు, అది తప్పు."

"తప్పే నాన్నా."

"చెప్పదలుచుకుంటే మొహం చూసి చెప్పు. వద్దంటే వచ్చేయ్. సాయంత్రం మేనేజరమ్మ ఇంటికి వెళ్దాం. నేనూ వస్తాను."

"ఆదివారం?" అంది ఆమె.

ఆయన ఖాళీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. కిందికి వెళ్ళి బోర్డు తిప్పాడు.

సాయంత్రం మేనేజరమ్మ పైపుతో మొక్కలకి నీళ్ళు పెడుతోంది. గేటు తెరవలేదు. కూతురు గేటు ఇవతలే నిలబడి, కాగితం పెట్టింది తనేనని, తండ్రికి తెలియదని, అలా చేయకూడదని చెప్పి క్షమించమంది.

"సరేలే," అంది మేనేజరమ్మ. "మంచి ఇస్త్రీ, మంచి షాపు. ఈ పిచ్చి నీకెక్కణ్ణించి పట్టుకుందమ్మా? ఏముందని అందులో?"

కూతురు నోరు తెరిచేలోపు మాస్టారు ఒక అడుగు ముందుకేశాడు. తన పిల్లని పిచ్చిదంటే ఆయనకి పడదు.

"నేను చెప్తానుండండి. ఒక పిల్ల తప్పు చేసిందనుకోండి."

"ఎవరి పిల్ల?"

"మీ పిల్లే అనుకోండి."

"మా పిల్లలు తప్పులు చేయరు."

"సరేనమ్మా, నా పిల్లే అనుకోండి. తప్పు దానిది. మాటలు పడాల్సింది అది. తండ్రి వెళ్ళి నిలబడ్డాడు. నేనే చేశానన్నాడు. ఎవరూ వెళ్ళమనలేదండీ. అది తన పిల్ల, అంతే. ఎన్ని తిట్లయినా పడతాడు, దాని మీద ఒక్కటి పడనివ్వడు. దేవుడికి కూడా..."

అక్కడ ఆగిపోయాడు. గేటు ఊచ పట్టుకున్నాడు. వీధిలో తల దించుకుని నిలబడింది తనకి గుర్తుంది. తన కోసం కూడా ఒకరు అలా నిలబడి ఉంటారని ఆయన అంతవరకూ అనుకోలేదు.

"దేవుడికి కూడా మనం అలాగేనట," అని పూర్తిచేశాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు.

మేనేజరమ్మ నీళ్ళు కట్టేసింది. అడిగినప్పుడు ఆమె గొంతులో పొద్దున్నటి కోపం లేదు. "చనిపోయినాయన్ని నమ్ముకుని ఏం లాభం మాస్టారూ?"

ఆయన కూతురి వైపు చూశాడు.

"చనిపోయి ఉండిపోలేదండీ," అంది ఆమె. "మూడోరోజు లేచాడు. సమాధి ఖాళీ. ఇప్పుడూ ఉన్నాడు. ఆయనతో పాటు మేమూ లేస్తామని మా నమ్మకం. ఆదివారం నీళ్ళలో మునిగి లేస్తాను. మునిగితే పాత బతుకు పోయినట్టు. లేస్తే కొత్తది మొదలైనట్టు. అందుకే ఇంత సంతోషం. పట్టలేక జేబుల్లో పెట్టేశాను."

మేనేజరమ్మ నవ్వింది. "నాకలాంటి నమ్మకాలేవీ లేవమ్మా. కానీ ఇలా చెప్తే వింటాను." ఆమె గేటు తీసింది. "రేపు బూడిదరంగు కోటు పంపిస్తాను మాస్టారూ. జేబులు ఖాళీ చేసి పంపిస్తాను. ఖాళీగానే రావాలి."

తండ్రీ కూతుళ్ళు తిరుగుదారి పట్టి మొదటి మలుపు దాటారు.

"ఆదివారం ఎన్నింటికి?" అన్నాడు మాస్టారు.

"ఎనిమిదింటికి నాన్నా."

"ఏడున్నరకే వెళ్దాం. ముందు వరసలో చోటు దొరకాలిగా. అమ్మకి చెప్పు."

ఆమె తల ఊపింది. మొహం అటు తిప్పుకుంది.

"ఏడుస్తావేంటే? నీళ్ళలో తడిసేది ఆదివారం కదా," అన్నాడాయన. ఆమె ఏడుస్తూనే నవ్వింది. నాలుగడుగులు వేశాక మళ్ళీ ఆయనే అడిగాడు. "లేచాడన్నావు. ముందు ఎవరు చూశారు?"

"ఆడవాళ్ళు. తెల్లవారుతుండగా సమాధి దగ్గరికి వెళ్ళారు."

"వచ్చి చెప్పారా?"

"చెప్పారు. ఎవరూ నమ్మలేదు. పిచ్చిమాటలనుకున్నారు."

"అయ్యో. తర్వాత?"

వీధి చివరికి వచ్చారు. ఇల్లు కుడివైపు, రెండు సందుల దూరం. మాస్టారు ఎడమవైపు తిరిగాడు. అటునుంచి వెళితే ఐదు సందులు.

"చెప్పు, తర్వాత?" అన్నాడు.